తడి గంప తూకం

నాకన్నా నా కోపం ముందు పుట్టిందని మా ఆవిడ పద్మకుమారి అంటుంది. కాదనను. ఆమదాలవలసలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్ళుగా ఫిజిక్సు చెబుతున్నాను. నరసింగరావు మేస్టారు ల్యాబులోకి వస్తున్నాడంటే పిల్లలు స్టూళ్ళు కూడా చప్పుడు కాకుండా జరిపేవారు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగో కాలు చూపించిన ఆడపిల్ల ఒకర్తె ఉంది. ఆ అమ్మాయికి నేను చేసిన అన్యాయమూ చెప్పాలి, ఆ అమ్మాయి చేసిన గొప్ప పనీ చెప్పాలి. ముందు అన్యాయం చెప్పేస్తాను, కాస్త బరువు తగ్గుతుంది.

2010 నాటి సంగతి. బీఎస్సీ రెండో ఏడు పిల్లలకి ప్రిజం ప్రయోగం ఉంటుంది. సోడియం దీపం పసుప్పచ్చని వెలుగుని గాజు ప్రిజం గుండా పంపి, అది ఎంత వంగిందో స్పెక్ట్రోమీటరు మీద కొలవాలి. ప్రిజాన్ని మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట వంపు అన్నిటికన్నా తక్కువ అవుతుంది. ఆ కోణమే జవాబు. మా ల్యాబులో ఆ జవాబు ముప్పై తొమ్మిది డిగ్రీలు. ఏ ఏడు పిల్లలకైనా ముప్పై తొమ్మిదే వచ్చేది, ఎందుకంటే ఎవరూ కొలిచేవారు కాదు. సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని, జవాబు దగ్గర మొదలెట్టి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చి రీడింగులు రాసేసేవారు. అనుమానం రాకుండా చివరి అంకె కొంచెం అటూ ఇటూ మార్చేవారు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి. ఇంకా నిజం చెప్పమంటే, ఆ విద్య నేర్పిందే నేను. ముప్పై మంది పిల్లలు, ఒకటే స్పెక్ట్రోమీటరు, గంటలో బెల్లు కొట్టేస్తారు. ఏం చేస్తాం?

ఆ బ్యాచిలో దుర్గ అనే అమ్మాయి నలభై ఎనిమిది రాసి తెచ్చింది. కళింగపట్నం పక్కన సముద్రం ఒడ్డు పల్లె వాళ్ళది. తండ్రి ఎర్రన్న ఏడాదిలో తొమ్మిది నెలలు గుజరాత్‌లో వీరావల్ రేవులో చేపల బోట్ల మీద ఉంటాడు. తల్లి మరిడమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కి మా స్టేషను వీధి దాకా వచ్చి అమ్మేది. మా ఇంట్లో వంజరం చేప తిన్నామంటే ఆవిడ చేతిదే.

"ఏటమ్మా ఇది?" అన్నాను రికార్డు ఎత్తి పట్టుకుని.

"నాకదే వచ్చింది సార్."

"అందరికీ ముప్పై తొమ్మిదొస్తే నీకొక్కర్తెకీ నలభై ఎనిమిది ఎలగొస్తాది? నీ కోసం వెలుగు ప్రత్యేకంగా వంగిందేటి?"

క్లాసంతా నవ్వింది. దుర్గ నవ్వలేదు, ఏడవలేదు. "తెలీదు సార్. మూడుసార్లు చూసాను. అదే వస్తన్నాది" అంది.

నేను ఒక్కసారి వెళ్ళి ఆ స్పెక్ట్రోమీటరు దుర్భిణిలో కన్ను పెట్టి చూడాల్సింది. చూడలేదు. నలభై ఎనిమిది మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి, పక్కన ముప్పై తొమ్మిది వేసి, సంతకం పెట్టి, "తేదీ కూడా లేదు, తేదీ వెయ్యని రీడింగు చెల్లదు" అని మరో మాట తగిలించి రికార్డు బల్ల మీదకి విసిరాను. ప్రాక్టికల్స్‌లో మార్కులు కోశాను. దాంతో ఆ అమ్మాయికి రావలసిన క్లాసు ఫస్టు పోయింది. తరువాత రికార్డు చూస్తే తేదీ వేసింది గానీ, నలభై ఎనిమిది మాత్రం మార్చలేదు. మొండిఘటం అనుకున్నాను.

ఆ మొండిఘటం విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివింది. ఏదో పెద్ద పరీక్ష రాసి నైనిటాల్ దగ్గర నక్షత్రాల పరిశోధనలో చేరింది. అప్పటి నుంచి నేను ప్రతి కొత్త బ్యాచికీ "మా దుర్గ" అని చెప్పుకోవడం మొదలుపెట్టాను. సిగ్గు లేకపోతే సరి.

2018 మే నెలలో ఫోన్ చేసింది. మరిడమ్మ ఆటో దిగుతూ జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుందట. చూసుకోవడానికి తాను వచ్చిందట. "సార్, మా పల్లెలో సిగ్నల్ లేదు. గోడ మీద ఫోను పెడితే ఒక గీత వస్తాది, చేత్తో పట్టుకుంటే అదీ పోతాది. మీ ఇంట్లో నెట్టుందా?"

మా ఇంట్లో నెట్టుంది. వర్షం పడనంతకాలం ఉంటుంది. పక్క గది ఖాళీగా ఉందని పద్మకుమారి ఫోన్ లాక్కుని మరీ చెప్పింది. ఆ సాయంత్రమే తల్లీ కూతుళ్ళిద్దరూ దిగారు. తల్లి కట్టు చెయ్యి మెడకి వేలాడేసి ఉంది, కూతురి భుజాన ల్యాప్‌టాపు.

నెట్టు ఎందుకంత అవసరమో భోజనాల దగ్గర చెప్పింది. ఆ నెల ఇరవయ్యో తారీకున ఆకాశంలో ఒక గామా కిరణాల పేలుడు జరిగింది. పైన తిరిగే ఉపగ్రహం దాన్ని పట్టి ప్రపంచంలో ఉన్న దుర్భిణులన్నిటికీ కబురు పంపింది. పేలుడు కొన్ని సెకన్లే. ఆ తరువాత ఆ చోట ఒక వెలుగు మిగిలి, రోజురోజుకీ ఆరిపోతూ ఉంటుంది. సూర్యుడికి పాతిక ముప్పై రెట్లు బరువున్న నక్షత్రం కూలితేనే అలాంటి పేలుడు వస్తుందని శాస్త్రజ్ఞుల నమ్మకం. నక్షత్రం నిజంగా కూలితే, ఆ ఆరిపోతున్న వెలుగు చాటున మరో వెలుగు నెమ్మదిగా పెరుగుతుంది. అదే సూపర్నోవా. రెండు వారాలకి బాగా కనిపించి మళ్ళీ తగ్గిపోతుంది. మామూలు ఫొటోలో ఈ వెలుగూ ఆ వెలుగూ ఒక్క చుక్కే. వర్ణపటం తీసి, రంగులుగా పరిచి చూస్తేనే ఏది ఏదో తెలుస్తుంది.

"ఆరిపోయే వెలుగుకి గీతలుండవు సార్, సాపుగా ఉంటాది. సూపర్నోవాకి మాత్రం గుట్టలూ గోతులూ ఉంటాయి. మామూలు నక్షత్రంలో లాగ సన్న గీతలు కాదు, వెడల్పు గుట్టలు. అంత వేగంగా ఎగిరిపోతంటాది ఆ పదార్థం."

"ఎంత వేగం?"

"సెకనుకి ఇరవై వేల కిలోమీటర్లు."

సెకనులో సగం భూగోళం చుట్టెయ్యొచ్చు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఎంత దూరంలో పేలింది?" అంది పద్మకుమారి.

"ఆ వెలుగు బయల్దేరి నూట ముప్పై కోట్ల ఏళ్ళయింది మేడం. అప్పటికి మన సముద్రాల్లో చేప కూడా పుట్టలేదు."

మరిడమ్మ ఎడం చేత్తో అన్నం కలుపుకుంటూ తలెత్తింది. "సేప నేని సముద్రమేటే? ఒట్టి ఉప్పునీల్లా?" అని చాలాసేపు దాని గురించే ఆలోచించింది.

దుర్గకి ఈ పేలుడు ఎందుకంత ముఖ్యమో కూడా ఆ రోజే తెలిసింది. ఆగస్టుతో ఆమె ఫెలోషిప్పు అయిపోతుంది. థీసిస్‌లో ఆఖరి అధ్యాయానికి తాను సొంతంగా చూసిన సూపర్నోవా ఒక్కటి కావాలి. నాలుగేళ్ళలో వాళ్ళ దుర్భిణికి అందేంత దగ్గరగా జరిగిన పేలుడు ఇదొక్కటే. ఇది తప్పితే గైడు ఆ అధ్యాయాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తాడు, ఈమె ఊరికే వెనక్కి రావాలి. పైగా జూన్ మొదటి వారం దాటితే ఆ నైనిటాల్ కొండల మీద మబ్బులు ముసురుతాయి. తరువాత మూడు నెలలు దుర్భిణికి సెలవులే.

ఇరవై ఏడో తారీకు ఉదయం మొదటి వర్ణపటం వచ్చింది. ముందురోజు రాత్రి కొండ మీద ఉన్న తోటి విద్యార్థులు తీసి పంపారు. నేను కాఫీ గ్లాసుతో కుర్చీ లాక్కుని వెనక కూర్చున్నాను. తెర మీద గజిబిజిగా ఒక గీత. దుర్గ ఏవేవో ఆజ్ఞలు కొడుతూ పోయింది. ముందు ఆరిపోయే వెలుగు ఎంత ఉంటుందో లెక్కకట్టి తీసేసింది. ఇక మిగిలింది గెలాక్సీ వెలుగు. పేలిన నక్షత్రం ఒక చిన్న గెలాక్సీలో ఉంది, దాని వెలుగూ ఇందులోనే కలిసిపోయి ఉంటుంది. ఎనిమిదేళ్ళ కిందట వేరే దేశం వాళ్ళు ఆ గెలాక్సీని కొలిచి పెట్టిన వర్ణపటం నెట్‌లో దొరికింది. దాన్ని తీసేసింది.

గుట్ట లేచింది. ఎరుపు వైపు వెడల్పాటి గుట్ట, దాని పక్కన నీలం వైపు గొయ్యి. పుస్తకంలో ఉన్న సూపర్నోవా బొమ్మ పక్కన పెడితే అచ్చం అలాగే ఉంది.

"ఉన్నాదమ్మా! ఉన్నాది!" అని నేను లేచి నిలబడ్డాను. కాఫీ లుంగీ మీద ఒలికింది.

అదే సమయానికి గైడు ఫోన్. స్పీకరులో విన్నాను. నాకొచ్చిన హిందీకి అర్థమయిందేమిటంటే, మరో రెండు దేశాల వాళ్ళు ఇదే చుక్క వెంట పడ్డారు, సాయంత్రం లోపు ఉందో లేదో తేల్చి చెబితే ముందుగా ప్రకటిద్దాం, నీ పేరే మొదట పెడతాను అంటున్నాడు.

దుర్గ ఫోన్ పెట్టేసి తెర వైపు చూస్తూ కూర్చుంది.

"ఇంకా ఏటి చూస్తన్నావు? రాసీ!" అన్నాను.

"ఆరో రోజుకే ఇంత పెద్ద గుట్ట రాకూడదు సార్."

"వచ్చింది కదా!"

"వచ్చింది. ఎందుకొచ్చిందో తెలీదు."

"పుస్తకంలో బొమ్మకి సరిపోయిందమ్మా. జవాబు కలిసింది. ఇంక వెనక్కి చూసీదేటున్నాది?"

ఈ మాట అన్నది నేనే. ఎనిమిదేళ్ళ కిందట అన్నవాణ్ణీ నేనే. చింత చచ్చినా పులుపు చావదంటారు. దుర్గ నా వైపు ఒక్క క్షణం చూసింది. ఆ చూపులో కోపం లేదు, అందుకే నాకు ఇబ్బందిగా అనిపించింది.

మరిడమ్మ గుమ్మంలో కూర్చుని ఎడం చేత్తో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. రోజంతా ఊరికే కూర్చోలేక మా ఇంటి పనులన్నిట్లోనూ తల దూర్చేది. "ఏటే, అలగైపోనావు?" అంది కూతుర్ని.

"ఏటి నేదమ్మా. ఇందులో గెలాక్సీ ఎలుగు కూడా కలిసిపోనాది. అది తీసీస్తే మిగిలిందే నాకు కావాల."

"గంప తూకం తీసీడమే కదేటి."

"అదే."

"మరి ఆ గంప ఎవులు తూసినారు? నువ్వేనా?"

"నాను కాదు. ఎనిమిదేళ్ళ కిందట ఎవులో తూసి ఎట్టినారు."

మరిడమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "పొడి గంపా, తడి గంపా?" అంది.

నాకు అర్థం కాలేదు. దుర్గకి మాత్రం మొహంలో రంగు మారింది.

"అదేటి మరిడమ్మా?" అన్నాను.

"ఒడ్డు మీద సేపలు ఎత్తినప్పుడు గంపతో పాటు కాటా ఎక్కిస్తారు గదా బాబూ. తరవాత గంప తూకం తీసీస్తారు. కొత్తగా బేరంలోకి దిగిన ఆడగుంట ఏటి సేస్తాదంటే, ఇంటికాడ ఎండలో ఎట్టిన గంప తెచ్చి ముందు తూయించుకుంటాది. అందులో సేపలేస్తే గంప నీల్లు తాగీదా? తాగిన నీల్లు కూడా సేపల్లోకే ఎలిపోతాయి. సేపలు ఎక్కువున్నాయని ఇది మురిసిపోతాది. ఇంటికాడ దించి సూస్తే ఏటుంటాది? అందుకే మేం ఏటి సేస్తామంటే, ముందు వొట్టి గంపని సముద్రంలో ముంచుతాం. ముంచి, తడి గంపనే తూస్తాం. సేపల కాడ గంప ఎలగుంటాదో తూకం కాడా అలగే ఉండాల."

"గంప ముంచేదాన్ని నేనే సార్ చిన్నప్పుడు" అంది దుర్గ మెల్లగా. "ప్రతి ఉదయం. మర్చిపోయాను."

ఆ తరువాత ఆమె నాకు చెప్పింది వింటుంటే నా ఇరవై ఆరేళ్ళ పాఠాలు నాకే కొత్తగా వినిపించాయి. ముందు రాత్రి ఆ చుక్క పడమటి దిక్కుకి బాగా వాలిపోయి ఉంది. అంత కిందుగా ఉన్నప్పుడు వెలుగు మందమైన గాలి గుండా ఏటవాలుగా రావాలి. గాలి కూడా ప్రిజం లాగే రంగులని విడదీస్తుంది. దుర్భిణి చివర ఉండే సన్నని చీలికలోకి ఎరుపు సరిగ్గా దూరింది, నీలం కాస్త పక్కకి జరిగి బయట పడిపోయింది. నెట్‌లో దొరికిన గెలాక్సీ వర్ణపటం నడినెత్తిన ఉన్నప్పుడు తీసింది. అందులో నీలం ఏమాత్రం పోలేదు. నీలం పోయిన వెలుగులోంచి నీలం పోని వెలుగు తీసేస్తే నీలం వైపు గొయ్యి పడుతుంది, ఎరుపు వైపు గుట్ట దానంతటదే లేస్తుంది.

"ఇది పొడి గంప సార్."

"మరి తడి గంప ఎక్కడ తెస్తావు?"

"ఇందులోనే ఉంది."

చూపించింది. ఆ గెలాక్సీ చిన్నదే అయినా ఒక్క చుక్క కాదు, చీలిక పొడుగునా కొంచెం పరుచుకుని ఉంది. పేలుడు జరిగింది ఒక కొసన. రెండో కొసన అదే గెలాక్సీ వెలుగు, అదే రాత్రి, అదే గాలిలోంచి, అదే చీలికలోంచి వచ్చి పడి ఉంది. దాన్ని విడిగా తీసి, కొలత సరిచేసి, మొదటి దాంట్లోంచి తీసేసింది. భోజనాల వేళ దాటిపోయింది. పద్మకుమారి రెండుసార్లు పిలిచి ఊరుకుంది.

గుట్ట కూలిపోయింది. ఏదో చిన్న ఉబ్బు మిగిలిందేమో అనిపిస్తుంది, కాదేమో అనిపిస్తుంది. అంతే.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు మరిడమ్మ మీద పడ్డాను. "బంగారంలాంటి గుట్ట! నీ గంప గొడవతో పోనాది!"

"నేని సేపలు ఉన్నాయంటే కూరొస్తాదేటి బాబూ?" అంది ఆవిడ, చిక్కుడుకాయలు మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంటూ.

దుర్గ గైడుకి రాసింది. ఇప్పుడున్న దాన్ని బట్టి సూపర్నోవా ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను, ఎందుకంటే ఇదీ కారణం, మరో వారం ఆగి చుక్క నెత్తి మీద ఉండగా ఇంకొకటి తీయాలి అని. పంపే ముందు నాకు చదివి వినిపించింది. నేను చివరి ప్రయత్నంగా, "మబ్బులొచ్చి ఇంకొకటి తియ్యడం కుదరకపోతే?" అన్నాను.

"కుదరకపోతే నా థీసిస్ పోతాది సార్. ఉన్నాదని రాసి, లేకపోతే, ఇంక నేను ఏటి చూసినా నాకే నమ్మకం ఉండదు."

పంపేసింది. భయం లేక కాదు ఆ పిల్ల ఆ పని చేసింది. ఇన్నేళ్ళలో ఎంతమంది తెలివైన పిల్లల్ని చూశానో, వాళ్ళెవరి ముందూ లేవాలనిపించలేదు. ఆ మధ్యాహ్నం నాకు లేచి నిలబడాలనిపించింది.

గైడు ఆ రోజు జవాబివ్వలేదు. మర్నాడు ఒక్క ముక్క రాశాడు: సరే, చూద్దాం.

తరువాతి ఎనిమిది రోజులూ మా ఇంట్లో అందరూ నైనిటాల్ వాతావరణం చూసేవాళ్ళే. టీవీలో వాతావరణం వస్తే పద్మకుమారి సీరియలు మానేసేది. ఇక్కడ మా ఊళ్ళో జనం వాన ఎప్పుడు పడుతుందా, ఆకుమళ్ళు ఎప్పుడు వేద్దామా అని ఎదురుచూస్తుంటే, నేను ఒక్కణ్ణి మబ్బుని చూసి తిట్టుకునేవాణ్ణి. జూన్ ఒకటి, మబ్బు. రెండు, మబ్బు. మూడు, వడగళ్ళు. దుర్గ పెద్దగా మాట్లాడేది కాదు. తల్లికి తల దువ్వేది, కట్టు మార్పించడానికి శ్రీకాకుళం తీసుకెళ్ళి తీసుకొచ్చేది, మిగిలిన వేళంతా పాత వర్ణపటాల మీద అదే తడి గంప పద్ధతిని మళ్ళీ మళ్ళీ చేసి చూసుకునేది. తన పద్ధతిలో తప్పుంటే ముందే తెలియాలట.

అయిదో తారీకు పొద్దున్న ఏడింటికి మెసేజి వచ్చింది. రాత్రి రెండు గంటలపాటు మబ్బు విడిచింది. తీశారు. పంపుతున్నారు.

మా నెట్టు ఆ రోజే నడక నేర్చుకుంటున్నట్టు నడిచింది. నలభై శాతం దగ్గర ఆగిపోయింది. నేను టెలిఫోన్ ఆఫీసుకి ఫోన్ చేసి అరిచాను. అరవై అయింది. నా అరుపుకే అయిందని నా నమ్మకం. పది గంటలకి ఫైలు పూర్తిగా దిగింది.

దుర్గ ఈసారి పొడి గంప జోలికే పోలేదు. ఆరిపోయే వెలుగు అప్పటికే దాదాపు ఆరిపోయింది. గెలాక్సీ రెండో కొసని తీసి, పక్కన పెట్టుకుని, "అమ్మా, ఇలగ రా" అని పిలిచింది. మరిడమ్మ వచ్చి కూతురి కుర్చీ వెనక నిలబడింది. దుర్గ తీసేసింది.

గుట్ట నిలబడింది.

వెడల్పాటి, నున్నని గుట్ట. నీలం వైపు లోతైన గొయ్యి, మధ్యలో ఇంకోటి. ఈసారి ఎవరూ అరవలేదు. దుర్గ ఒక్కొక్కటే చూపిస్తూ పోయింది. ఇక్కడ హైడ్రోజన్ గీత ఉండాలి, లేదు. ఇక్కడ హీలియం, అదీ లేదు. ఆ నక్షత్రం చచ్చిపోయే లోపే పై పొరలన్నీ వదిలేసింది. ఈ గొయ్యి ఇనుముది, ఈ గొయ్యి సిలికాన్‌ది, ఉండవలసిన చోటు నుంచి ఇంత దూరం జరిగాయి కాబట్టి వేగం సెకనుకి ఇరవై రెండు వేల కిలోమీటర్లు. భూమ్మీద చేప లేని కాలంలో కూలిన నక్షత్రం లోపల ఏముందో మా ఆమదాలవలస ఇంట్లో, ఉల్లిపాయల బుట్ట పక్కన కూర్చుని, మరిడమ్మ కూతురు చదువుతోంది. నాకు కళ్ళు చెమర్చాయి. దాచుకోలేదు.

"ఇప్పుడు సేపలేనా?" అంది మరిడమ్మ.

"సేపలేనమ్మా."

ఆవిడ ఎడం చేత్తో కూతురి తల మీద ఒక్కటి మొట్టింది. మెచ్చుకోలు అంతే.

పన్నెండింటికి దుర్గ రిపోర్టు రాసి పంపింది. తీరా చూస్తే పెద్ద దుర్భిణి ఉన్న మరో దేశం వాళ్ళు నాలుగు గంటల ముందే ఇదే చుక్కలో సూపర్నోవా ఉందని ప్రకటించేశారు. నేను తల పట్టుకున్నాను. దుర్గ మాత్రం వాళ్ళ కాగితం తెరిచి ఆత్రంగా వేగం ఎంతో చూసుకుంది. వాళ్ళకీ ఇరవై రెండు వేలే. అప్పుడు నవ్వింది. నాకు తెలిసి ఆ పిల్ల పళ్ళు కనబడేలా నవ్వడం అదే మొదలు. సాయంత్రం గైడు ఫోన్ చేసి, మొదటి రోజు నువ్వు రాసిన జాబు మన విద్యార్థులందరికీ పంపాను, అధ్యాయం నీదే, రాసుకో అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఉదయం కాలేజీకి వెళ్ళాను. సెలవులింకా అయిపోలేదు. అటెండరు కొండబాబుని పిలిచి ల్యాబు తీయించి, ప్రిజం ప్రయోగం సర్దమన్నాను. "ఎవులికి బాబూ?" అన్నాడు. "నాకు" అన్నాను. పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు.

ఎన్నేళ్ళయిందో ఆ దుర్భిణిలో కన్ను పెట్టి. పసుప్పచ్చని గీత కనబడింది. ప్రిజం మెల్లగా తిప్పాను. గీత జరిగి జరిగి, ఒకచోట ఆగి, వెనక్కి మళ్ళింది. కోణం చదివాను. నలభై ఎనిమిది. మళ్ళీ చేశాను. నలభై ఎనిమిది. మూడోసారీ అదే.

"కొండబాబూ, ఈ ప్రిజం ఎప్పటిది?"

అతను బుర్ర గోక్కున్నాడు. "పాతది నా సేతిలోంచి జారి పగిలిపోనాది బాబూ, తొమ్మిదేళ్ళయుంటాది. మీరు అరుస్తారని, బీరువాలో వేరేది ఉంటే ఎట్టీసినాను. ఇది కుసింత బరువైన గాజు. అయినా ఎవులికీ తేడా తెలీనేదు గదా!"

బరువైన గాజు వెలుగుని ఎక్కువ వంచుతుంది. ఆ తేడా ఒక్కర్తెకి తెలిసింది. ఆ ఒక్కర్తె మార్కులు నేను కోశాను. కొండబాబుని తిట్టబోయి ఆగిపోయాను. వాడు పగలగొట్టింది ఒక్క గాజుముక్కే.

ఆదివారం బస్సెక్కి కళింగపట్నం వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో వాళ్ళ పల్లెకి వెళ్ళాను. తల్లీ కూతుళ్ళు రెండు రోజుల ముందే ఇల్లు చేరారు. మర్నాడు దుర్గ ప్రయాణం. వాకిట్లో వలలు ఆరేసి ఉన్నాయి, గోడవారన రెండు గంపలు బోర్లించి ఉన్నాయి. నన్ను చూసి దుర్గ కంగారు పడింది. "ఏటి సార్, చెప్పకుండా వచ్చీసారు?"

"నీ బీఎస్సీ రికార్డు ఉన్నాదా?"

ఆమెకి అర్థం కాలేదు. మరిడమ్మకి అయింది కాబోలు, లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒంటిచేత్తో తీసుకొచ్చింది. చదువు కాగితం ఒక్కటీ పారెయ్యలేదట. ఉప్పుగాలికి అట్ట ఉబ్బిపోయింది. పేజీలు తిప్పాను. నా ఎర్రగీత కొంచెం వెలిసింది గానీ అక్కడే ఉంది. దాని కింద దుర్గ అంకె, నలభై ఎనిమిది, నల్లగా స్పష్టంగా ఉంది.

జేబులోంచి ఎర్రపెన్ను తీశాను. నేను వేసిన ముప్పై తొమ్మిదిని కొట్టేశాను. నలభై ఎనిమిది చుట్టూ సున్నా చుట్టి, పక్కన "కొలిచి చూశాను. ఇదే సరైనది" అని రాసి సంతకం పెట్టాను.

"ఏటి రాస్తన్నారు బాబూ?" అంది మరిడమ్మ.

"తప్పు దిద్దుతన్నాను."

"ఎవులి తప్పు?"

"నాదే మరిడమ్మా. మీ పిల్ల ఆ రోజు నిజం చెప్పింది. నేను చూడకుండా కొట్టీసాను. నన్ను క్షమించమ్మా దుర్గా."

దుర్గ ఆ పేజీ వైపు చూస్తూ ఉండిపోయింది. ఎనిమిదేళ్ళ కిందట క్లాసంతా నవ్వినప్పుడు ఏడవని పిల్ల, ఇప్పుడు మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. తరువాత రికార్డు మళ్ళీ నా ముందుకి జరిపింది.

"తేదీ వెయ్యలేదు సార్" అంది.

వేశాను. పదో తారీకు, జూన్, 2018.